గోడ అవతలి పెళ్ళి

గోడ అవతల కుర్చీలు ఈడుస్తున్నారు. ఇనుప కాళ్ళు గచ్చును గీరుతున్న చప్పుడు ఆగిందనుకునేలోపే మళ్ళీ మొదలవుతోంది. ఒక్కో గీరు ఆమె దవడ కింద పుట్టి, చెవి వెనక్కి పాకి, అక్క జుట్టులో పిన్ను గుచ్చుతున్న చోట ఆగుతోంది. తన పెళ్ళికి కావలసినవి పదకొండు కుర్చీలు. పదకొండు కుర్చీలు సర్దడానికి ఇంతసేపు పట్టదు, ఒక్క మనిషి ఒంటిచేత్తో మోసినా పట్టదు. మరి ఇవెవరివి? అద్దం చుట్టూ దీపాలున్నాయి, వాటిలో ఒకదాన్ని ఎవరో ముందే విప్పేశారు, బహుశా అది మినుకుమంటూ ఉండి ఉంటుంది. బల్ల మీద పూలగుత్తి ఉంది, దగ్గరికి తీసుకుంటే కాగితం పూలు, వాసన లేనివి. గదిలోకి రాగానే ఆ రెండూ చూసి ఆమెకి కడుపు నిండినట్టయింది. తను చేసుకోబోయే అతను గుర్తుపెట్టుకున్నాడు. తనకంటే ముందు వచ్చి, కుర్చీ ఎక్కి, ఒక్క దీపాన్ని విప్పి పక్కన పెట్టి వెళ్ళాడు. ప్రేమ గురించి అందరూ ఏవేవో చెబుతారు గాని ఆమెకి అర్థమయ్యే ప్రేమ ఇంతే, ఇలాంటిదే, చేత్తో విప్పి పక్కన పెట్టగలిగినది.

"అక్కా, అవి ఎవరి కుర్చీలు?"

"పక్క హాలువాళ్ళవి. తల కదపకు."

"వాళ్ళదీ పెళ్ళేనా?"

"ఏదో ఒకటిలే. నీకెందుకే? కళ్ళు మూసుకో, పౌడర్ పడుతుంది."

కళ్ళు మూసుకుంటే చప్పుళ్ళు ఉబ్బుతాయి. అక్క ఊపిరి, డబ్బా మూత, ఎక్కడో నీళ్ళ గొట్టం, కుర్చీలు, కుర్చీలు. అయితే అక్క చేతులు ఈరోజు గట్టిగా తగులుతున్నాయి, అది బావుంది. తేలిగ్గా రాసుకుంటూ పోయే వేళ్ళు ఆమె చర్మం మీద చీమల్లా పాకుతాయి, గట్టిగా నొక్కితే ఏ బాధా ఉండదు, ఆ సంగతి చిన్నప్పటినుంచి ఎన్నిసార్లు చెప్పినా అక్క బుర్రకి ఎక్కలేదు. ఈరోజు ఎక్కింది. అతనే చెప్పి ఉంటాడు. అతను చెబితే ఎవరైనా వింటారు. మొదటిసారి ఆమె పనిచేసే కట్టుడు పళ్ళ ల్యాబ్‌కి వచ్చినప్పుడు బెల్లు కొట్టాడు, ఆమె చేతిలో ఉన్న ముందరి పన్ను జారి కిందపడి రెండయింది. పళ్ళ డాక్టర్ల దగ్గరినుంచి నోటి అచ్చులు పెట్టెల్లో సర్ది ల్యాబ్‌లకి చేరవేసేవాడతను, ఆమె వెనక గదిలో ఆ అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనం పెట్టి, పింగాణీతో కట్టుడు పళ్ళు చేసేది. రెండోసారి వచ్చినప్పుడు బెల్లు కొట్టలేదు. గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూసేదాకా ఊరికే నిలబడ్డాడు. ఆకురాయి యంత్రం గొల్లుమంటున్నా ఆమెకి ఇబ్బంది లేదు, దాన్ని తిప్పేదీ ఆపేదీ తన కాలే కాబట్టి. ఆ ముక్క కూడా ఎవరూ చెప్పకుండానే అతను కనిపెట్టాడు. మనుషుల కళ్ళలోకి చూడటం ఆమెకి వేడి గిన్నె పట్టుకున్నట్టుంటుంది, అందుకని పళ్ళు చూస్తుంది. అతని ఎడమ కోరపన్ను కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. సరిచేయకూడని వంకరలు కొన్ని ఉంటాయని ఆమె అనుకున్నది ఆ ఒక్క పన్ను విషయంలోనే.

డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు ఆమెకి ముప్ఫై దాటింది. ఆటిజం. అంతవరకు మొండి, పొగరు, మొద్దు, బొమ్మ. ఇంట్లో అందరూ పిలిచేది బొమ్మ అనే. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చుంటుందని పెట్టిన పేరు. ఆ కొత్త మాటని ఆమె ఇంటికి తీసుకువెళ్ళలేదు. చాలాకాలం ఎవరికీ చెప్పలేదు, చివరికి అతనికి చెప్పింది, అచ్చులు కడుగుతూ, నీళ్ళ చప్పుడులో సగం వినపడకపోతే బావుండునని కోరుకుంటూ. "అయితే ఆ బెల్లు సంగతి అదేనా?" అన్నాడతను. అదేనంది. "నా డ్రైవింగ్ నచ్చకపోవడం కూడా అదేనా?" కాదు, అది నీ డ్రైవింగే, అంది. ఇద్దరూ నవ్వారు. దాని గురించి నవ్వడం ఆమె జీవితంలో అదే మొదలు.

చలికాలమంతా సాయంత్రాలు ల్యాబ్ మూశాక పెళ్ళి ఎలా జరగాలో మాట్లాడుకున్నారు. మైకు వద్దు. వీడియో వద్దు. పదకొండు మంది. వాళ్ళెవరో, ఎక్కడ కూర్చుంటారో ముందే తెలియాలి. ఎవరూ ముట్టుకోకూడదు. సంతకాలు, ఉంగరాలు, అయిపోవాలి. పక్కనే తలుపు వేసుకోగలిగిన గది ఒకటి ఉండాలి. ఇంకేం భరించలేవు? ఏదైతే కాస్త భరించగలవు? ఎంతసేపు? అని అతను అడుగుతూనే ఉండేవాడు, ఆమె తలుచుకుని తలుచుకుని చెప్పేది, ఒంటి మీద ఎక్కడెక్కడ దెబ్బలున్నాయో చూపిస్తున్నట్టు. పూల వాసన సంగతేంటని అతనడిగిన రోజు ఆమె ఇంటికి వెళ్ళి ఏడ్చింది. ఆ ప్రశ్న తనకి తనే ఎప్పుడూ వేసుకోలేదు. ఇక చాలు అనిపిస్తే అరచేతిని బల్ల మీద బోర్లా పెట్టు, చూసిన మరుక్షణం అందరినీ పంపించేస్తాను అన్నాడు. సరిగ్గా సరిపోయే గది దొరికిందనీ, ఒక హాలు వెనకవైపు ఉందనీ, తనే వెళ్ళి చూసొచ్చాననీ చెప్పాడు. పొద్దున సందులోంచి, వెనక గుమ్మం నుంచి తీసుకొచ్చింది అక్క. ముందు రోడ్డు తవ్వేశారట.

"హలో... హలో... చెక్."

ఆమె కళ్ళు తెరిచింది. ఆ గొంతు గోడలోంచి కాదు, గోడ గోడంతా గొంతయి వచ్చింది. అద్దంలో అక్క మొహం కనిపించింది, చేతిలో బ్రష్ ఆగిపోయి ఉంది. వెంటనే బ్రష్ కదిలింది. తలుపు తీసుకుని అమ్మ వచ్చింది, తలుపు తీసినంతసేపూ బయటినుంచి హోరు, మూయగానే హోరు తగ్గి గుసగుసలు. కొత్త బట్టల్లో అమ్మ పదేళ్ళు చిన్నదైంది.

"ఎంత బావున్నావే బొమ్మా! ఏదీ, ఒక్కసారి నవ్వు."

"మన పెళ్ళి జరిగే గది ఎక్కడమ్మా?"

"అదిగో, అటే," అని అమ్మ ఎటో చెయ్యి ఊపింది. నవ్వింది.

ఆ పై వరస పళ్ళు ఆమె చేసినవే. అమ్మ నోటి అచ్చు తన చేతులతో తీసి, వయసుకు తగిన ఛాయ వెతికి, మరీ తెల్లగా ఉంటే అబద్ధంలా ఉంటుందని అంచుల్లో కాస్త పసుపు దించి, నెలరోజులు అరగదీసి అమర్చింది. ఇప్పుడు వాటి వెనకనుంచే అమ్మ అబద్ధం చెబుతోంది, అవి ఎక్కడా కదలడం లేదు. పని బాగా కుదిరింది. నవ్వు గురించి ఆమెకి నేర్పింది కూడా అమ్మే. బడికి వెళ్ళే ముందు అద్దం ముందు నిలబెట్టి, పై పళ్ళు కనపడాలి, కింద పళ్ళు కనపడకూడదు, కళ్ళు కొంచెం చిన్నవి చెయ్యి, ఆఁ, అలా ఉంచు, అలాగే ఉంచు, అని గడ్డం పట్టుకుని వత్తేది. బుగ్గలు నొప్పెట్టి వదిలేస్తే మళ్ళీ మొదటినుంచి. ఎవరి పెళ్ళికో వెళ్ళినప్పుడు చెవులు మూసుకుని బల్ల కింద దూరితే అమ్మ కాలు పట్టి బయటికి లాగింది, చుట్టూ ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు, అమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే మోచేతి పైన మెత్తని చోట గిల్లింది. నా పరువు తీయడానికే పుట్టావు అని ఇంటికొచ్చాక అమ్మ ఏడ్చింది కూడా. అమ్మ ఏడుపు అబద్ధం కాదు. ఆమెని ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఎప్పుడూ అదే, వాళ్ళ ఏడుపు నిజం కావడం.

అమ్మ వెళ్ళిపోయింది. హోరు వచ్చి పోయింది. అక్క చెవికమ్మలు తీసింది, ఒకటి పెట్టింది, రెండోది పెట్టబోతుండగా గోడ మళ్ళీ మాట్లాడింది. మన బొమ్మ పెళ్ళికి వచ్చిన మీ అందరికీ, అంటోంది గోడ, ఎవరో బాబాయి వరసవాడి గొంతులో, దూరంనుంచి పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ. మన బొమ్మ. లోకంలో ఇంకా ఎందరో బొమ్మలు ఉండవచ్చు. ఆ పక్క హాల్లో కూడా ఒక బొమ్మ ఉండి ఉండవచ్చు. ఆమె మనసు ఆ ఆశని పట్టుకుని వేలాడింది, పళ్ళతో పట్టుకుని. తర్వాత అతని గొంతు వచ్చింది. గుమ్మంలో చప్పుడు చేయకుండా నిలబడే మనిషి గొంతు, మైకులో ఇంత పెద్దగా.

"ఒక్క చిన్న మాట చెప్పి తనని పిలుస్తాను. తనకి ఒక ఇబ్బంది ఉంది. ఆటిజం అంటారు. కంగారు పడకండి, అంటుకునేది కాదు." నవ్వులు. "గట్టి చప్పుళ్ళు పడవు. అందుకని తను రాగానే చప్పట్లు కొట్టకండి, చేతులు ఇలా ఊపండి చాలు. ఎవరికైనా పెళ్ళికూతుర్ని కౌగిలించుకోవాలనిపిస్తే, నేనున్నాను కదా, నన్ను కౌగిలించుకోండి."

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. అతను ఆ నవ్వు అయ్యేదాకా ఆగాడు. ఎక్కడ నవ్వుతారో, ఎంతసేపు ఆగాలో అతనికి ముందే తెలుసు. ఇంట్లో ఒకటికి రెండుసార్లు చెప్పి చూసుకుని ఉంటాడు. అచ్చులు కడిగే నీళ్ళ చప్పుడులో సగం దాచి చెప్పిన మాట ఇప్పుడు కొన్ని వందల మంది నోళ్ళలో పడి నలుగుతోంది. అయ్యో పాపం అని ఒకరు, చూస్తే తెలియదే అని ఒకరు, అబ్బాయి మనసు ఎంత మంచిదో అని అందరూ. ఆమెకి వింతగా కోపం రాలేదు. ముందు లెక్క తేలాలి అనిపించింది.

"నీకెప్పటినుంచి తెలుసు?"

అక్క చెవికమ్మని బల్ల మీద పెట్టింది. "చలికాలం నుంచి."

"నేనూ అతనూ ప్లాన్ వేసుకుంటున్నప్పుడా?"

"అప్పటికే హాలు మాట్లాడేశాం."

అంటే ప్రశ్నలన్నీ అడిగినప్పుడు ఈ గోడలు ఇక్కడ ఉన్నాయి, కుర్చీలు ఇక్కడ ఉన్నాయి. పూల వాసన సంగతేంటని అడిగింది పూలు మానడానికి కాదు, కాగితం పూలు తెప్పించడానికి. ఏవి భరించలేవు, ఏవి కాస్త భరించగలవు, ఎంతసేపు అని అడిగింది ఎక్కడిదాకా లాగవచ్చో తెలుసుకోవడానికి. దీపం విప్పాడు, వేళ్ళు గట్టిగా నొక్కమన్నాడు, రోడ్డు తవ్వేశారని చెప్పించాడు, అన్నీ ఆమె చెప్పినవాటినుంచే. ఆమే చూపించింది ఎక్కడ పట్టుకుంటే తను కదలదో. కన్నతల్లికి ముప్ఫై మూడేళ్ళలో చేతకానిది ఒక్క చలికాలంలో ఎవరు నేర్పారు అతనికి? తనే.

"నా పెళ్ళి గుర్తుందా?" అంటోంది అక్క. గొంతు చిన్నదే, కాని చాలాకాలంగా నోట్లో నానుతున్న మాటలు. "నువ్వు పోయి కార్లో పడుకున్నావు. తలుపులన్నీ లాక్ చేసుకుని. ఒక్క ఫోటోలో లేవు. మా అత్తగారు ఇప్పటికీ అడుగుతుంది, మీ చెల్లెలికి ఆరోజు ఏమైంది అని. ప్రతి పండగకి, ప్రతి పుట్టినరోజుకి మేమంతా నీకోసం గొంతు తగ్గించుకుని బతికాం. ఒక్కరోజు మాకోసం నువ్వు ఓర్చుకో. చచ్చిపోవులే."

"చచ్చిపోనని నీకెలా తెలుసు?" అని ఆమె అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అక్కకి అది వెటకారంగా వినిపించింది, మొహం ఎర్రబడింది, రెండో కమ్మ పెట్టకుండానే బయటికి వెళ్ళిపోయింది.

వెనక తలుపుకి గడియ ఒక్కటే. తీసింది. సందులో ఎండ, ఖాళీ కూల్‌డ్రింక్ సీసాల డబ్బాలు, గోడకి చేరబడి సిగరెట్ తాగుతున్న లారీ డ్రైవరు. ఆ డ్రైవరు ఆమెని, ఆమె బట్టలని చూసి సిగరెట్‌ని వెనక్కి దాచుకున్నాడు. సందు చివర రోడ్డు కనిపిస్తోంది, నున్నగా, ఎక్కడా తవ్వకుండా. నడిచి వెళ్ళిపోవచ్చు. ఎక్కడికి? అమ్మ ఇంటి తాళం అమ్మ దగ్గర ఉంది. ల్యాబ్ తాళం యజమాని దగ్గర ఉంది, ఆయన ఆ పదకొండు మందిలో ఒకడు. ఈ బట్టలతో, ఒక చెవికే కమ్మతో, బస్సెక్కి కూర్చుంటే ఎదుటి సీటువాళ్ళు ఏమంటారు, టిక్కెట్టు ఎక్కడికని అడిగితే ఏమని చెప్పాలి. అయినా ఒక కాలు గుమ్మం దాటింది. గచ్చు వేడి చెప్పులోంచి తెలిసింది. అప్పుడు వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగి చూసింది. అతను లోపలి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె చూసేదాకా ఊరికే నిలబడి ఉన్నాడు. ఎన్నాళ్ళనుంచో ఉన్నట్టే.

ఆమె లోపలికి వచ్చింది. బల్ల దగ్గరికి నడిచింది. కాగితం పూలు పక్కకి జరిపి అరచేతిని బోర్లా పెట్టింది.

అతను ఆ చేతిని చూశాడు. చూడనట్టు నటించలేదు. "చూశాను," అన్నాడు. "కాని ఇప్పుడు కాదు."

"పదకొండు మంది అన్నావు."

"ఆ పదకొండు మందినీ ముందు వరసలో కూర్చోబెట్టాను. నువ్వు వాళ్ళనే చూడు."

"నాకు అబద్ధం చెప్పావు."

"చెప్పాను. నిజం చెబితే వచ్చేదానివా?"

"రాను."

"మరి?" అన్నాడు, లెక్క సరిపోయినట్టు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఆమె కళ్ళలోకి కాకుండా భుజం వైపు చూస్తూ మాట్లాడాడు, ఎందుకంటే అలా మాట్లాడితే ఆమెకి సులువని అతనికి తెలుసు. "మీ అమ్మకి, మా అమ్మకి కూడా ఒక రోజు కావాలి కదా. అందరినీ పిలుచుకున్నారు. విను. నేను వాళ్ళకి చెప్పేశాను నీ సంగతి. ఇప్పుడు వెళ్ళిపోయావనుకో, పాపం ఆ పిల్లకి అంత బాగా లేదట అనుకుంటారు, జన్మంతా అదే అనుకుంటారు. వచ్చి నిలబడ్డావనుకో, ఏమీ లేదే, బావుందే అనుకుంటారు. నీకేది కావాలో నువ్వే చెప్పు. నేను బలవంతం చేయను."

రెండూ వద్దు. తనకి ఆ ఇబ్బంది ఉంది, తను బాగానే ఉంది. ఆ రెండు మాటలూ పక్కపక్కన కూర్చోగలిగే చోటు అతను ఇచ్చిన రెండింటిలోనూ లేదు. ఆ సంగతి చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ అతని పన్ను వైపు చూసింది. అతను ఆమె చేతి మీద తన చెయ్యి పెట్టాడు. గట్టిగా, తేలిగ్గా కాదు. ఆ నిమిషంలో కూడా అతనికి అది గుర్తుంది. తెలియక నొప్పి పెట్టేవాళ్ళ మధ్య ఇన్నేళ్ళు బతికింది, తెలిసి పెట్టినవాడు ఇతనొక్కడే. అయినా తెలిసినవాడు అనే మాట దగ్గర ఆమె మనసు ఇంకా ఆగుతోంది, ఆకలితో ఉన్నవాళ్ళు ఎవరు పెట్టారని అడగనట్టు. వెనక తలుపు గాలికి కొట్టుకుంది. అతను లేచి వెళ్ళి గడియ వేశాడు. చప్పుడు కాకుండా వేశాడు.

హాలు తలుపు తెరిచేసరికి ముందు వెలుగు తగిలింది, తర్వాత చేతులు. వందల చేతులు గాలిలో ఊగుతున్నాయి, చప్పుడు లేకుండా, నోళ్ళన్నీ తెరుచుకుని, నీళ్ళ అడుగున ఉన్నవాళ్ళలా. పిల్లలు ఎక్కువ ఊపుతూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కిసుక్కుమంటున్నారు. ఇంతకంటే చప్పట్లు నయం అనుకుంది. ఎవరో ఒకాయన మరిచిపోయి కొట్టాడు, పక్కాయన కొట్టాడు, అంతే, హాలంతా కొట్టింది, ఈలలు వేసింది. ముందు వరసలో ల్యాబ్ యజమాని అమ్మ వైపు వంగి ఏదో అంటున్నాడు. ఆమె నవ్వింది. పై పళ్ళు. కళ్ళు కొంచెం చిన్నవి. ఒళ్ళంతా ఎక్కడికో వెళ్ళిపోయింది, నవ్వు మాత్రం నిలబడింది, ఎవరో చేసి అమర్చినట్టు. సంతకం పెట్టింది. ఉంగరం తొడిగింది, తొడిగించుకుంది. ఎవరెవరో వచ్చి చేతులు పట్టుకున్నారు, బుగ్గలు పట్టుకున్నారు, ఒకావిడ వాటేసుకుని వీపు నిమురుతూ, "ఏముంది నీకు? బంగారంలా ఉన్నావు, ఈ కాలం డాక్టర్లంతా ఇంతే," అంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. "నేను చెప్పలేదూ? కావాలనుకుంటే చేస్తుంది. చేయాలనిపించాలంతే." అక్క ఫోటోలో పక్కన నిలబడి, రెండో కమ్మ తెచ్చి, అందరూ చూస్తుండగా ముద్దుగా పెట్టింది.

చివర్లో అత్తగారు వచ్చింది. ఆవిడ సంతోషంలో కల్లాకపటం లేదు. "ఎంత భయపడ్డానో తెలుసా అమ్మా, ఏం చేస్తావో ఏమో అని. వచ్చే నెలలో మా చిన్నదాని నిశ్చితార్థం, ఇదే హాలు. నువ్వే దగ్గరుండి అందరినీ పలకరించాలి. పెద్ద కోడలివి. ఏమంటావు?" ఆమె నోరు తెరిచింది. మాట లేదు. గొంతు ఉంది, నాలుక ఉంది, వాటి మధ్య ఉండవలసింది పోయింది. ఇలా మాట పడిపోవడం అతను ఒకసారి చూశాడు, ల్యాబ్‌లో కంప్రెసర్ పేలిన రోజున. గోడ పక్కన ఆమెతోపాటు నేల మీద కూర్చున్నాడు, ఫోన్లో యజమాని ఏదో అడుగుతుంటే, "తను ఇప్పుడు మాట్లాడలేకపోతోంది సార్, తన తరఫున నేను చెప్పను, తర్వాత అడగండి," అన్నాడు. ఇప్పుడూ అతను ఆమె మొహంలోకి చూశాడు. అదేమిటో అతనికి తెలిసిపోయింది. తెలిసిపోవడం ఆమె చూసింది. అత్తగారు కొడుకు వైపు తిరిగింది.

"ఏమంటుందిరా?"

"సరేనంది," అన్నాడు.